‘క’ పడని ఫోను

ఇప్పటి ఫోన్లను చూస్తే నాకు ఒళ్లు మంట. వేలితో గీకడమే తప్ప ఏది నొక్కామో వేలికి తెలిసి చావదు. ఫోనంటే మీటలుండాలి. నొక్కితే లోపలికి పోవాలి, వదిలితే పైకి రావాలి. ఈ మాటంటే మా పిల్లలు నవ్వుతారు. నవ్వనీ. వాళ్లు పుట్టకముందు మా ఇంట్లో ఉన్న జారుడు ఫోను సుఖం వాళ్లకేం తెలుసు?

రాష్ట్రం ఇంకా రెండు ముక్కలు కాని రోజులవి. ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ల వీధి దాటి సందులోకి తిరిగితే మా ఆయన సెల్ అంగడి. పెద్ద అంగడేమీ కాదు. ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకు దండలాగా వేలాడే రీఛార్జి కార్డులు. మధ్యాహ్నం అన్నం క్యారియరు తీసుకుని మా పల్లె నుంచి బస్సులో నేను పోయేదాన్ని. ఆయన తింటుంటే బల్ల దగ్గర నేను కూర్చునేదాన్ని. అట్లా ఒక మధ్యాహ్నం, కువైట్ నుంచి వచ్చిన మనిషి ఒకాయన వచ్చి, కొత్త ఫోను తీసుకుని పాతది మాకు వదిలేసి పోయాడు. దాన్ని అమ్మడానికి అద్దాల పెట్టెలో పెట్టాల్సిన మా ఆయన జేబులో పెట్టుకున్నాడు. అడిగితే, “నాలుగు దినాలు వాడి చూస్తాలే, బాగుందో లేదో తెలియకుండా ఎట్లమ్మేది?” అన్నాడు. ఆ నాలుగు దినాలు ఏళ్లయినాయి.

మూసి ఉన్నప్పుడు అది మామూలు నల్ల ఫోనే, కాస్త లావు. చొక్కా జేబులో వేసుకుంటే జేబు ఒకవైపు వాలిపోయేది. రెండు బొటనవేళ్లతో తెరను పక్కకు తోయాలి. మొదట కొంచెం మొరాయించేది. సగం దూరం పోయాక తనంతట తానే జర్రున జారి టక్కుమని ఆగేది. కింద చూస్తే నాలుగు వరుసల మీటలు. తెరమీద బొమ్మ అడ్డం తిరిగేది. చీకట్లో మీటల కింద తెల్లటి వెలుతురు వచ్చేది. ఆ ‘జర్రు’, ఆ ‘టక్కు’ వినడానికే పనిలేకపోయినా తెరిచి మూసి, తెరిచి మూసి చేసేవాడు. “దాని నోరు మూయబ్బీ, తలనొప్పొస్తాంది” అని మా అత్త అరిచేది.

నాకు కూడా దాని పిచ్చి పట్టుకుంది. తెర మొండిది, గోటితో గట్టిగా పొడిస్తే తప్ప పలికేది కాదు. మీటలు మాత్రం మెత్తన. ఒక్కొక్కటి చిన్న పొట్టతో ఉబ్బెత్తుగా ఉండి బొటనవేలి కింద చక్కగా అమిరేది. అంగట్లో గిరాకీ లేనప్పుడు దానిమీద కొట్టడం నేర్చుకున్నాను. చూడకుండా కొట్టేదాకా వచ్చాను. మా ఆయనకంటే నేనే వేగం. ఈ సంగతి ఆయన ఇప్పటికీ ఒప్పుకోడు.

లోపాలు లేవా అంటే బోలెడు. కాసేపు మాట్లాడితే చెవి కాలేది. పొద్దున నిండా ఛార్జి పెడితే సాయంత్రానికి ప్రాణం వదిలేది. ఎండలోకి పోతే తెర నల్లగా అయిపోయి మన ముఖమే మనకు కనిపించేది. తెలుగు అక్షరాలొస్తే పెట్టెలు పెట్టెలుగా చూపించేది. అందుకని అందరం ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసుకునేవాళ్లం, మేము మాట్లాడేది మాట్లాడినట్టే. చివరికి ఒకరోజు అంగట్లో టీ ఒలికి ‘కె’ మీట చచ్చిపోయింది. ఒక్కోసారి పడేది, చాలాసార్లు పడేది కాదు. మా ఆయన దాని బదులు ‘సి’ కొట్టడం మొదలుపెట్టాడు. కడప పోయి చదప అయింది, మా మేనత్త ఊరు ఖాజీపేట చాజీపేట అయింది. అయినా చదువుకునేవాళ్లు చదువుకునేవారు.

ఎక్కువగా చదువుకున్నది మా తమ్ముడు. వాడు పులివెందులలో ఎరువుల అంగట్లో పనిచేస్తుండేవాడు. మా ఆయనకూ వాడికీ పొద్దస్తమానం మెసేజిలే. ఏం తిన్నావు బావా, ఏ సినిమాకు పోతాండావు బావా, మా అక్క తిట్టిందా బావా. అక్కను నేనుండగా నాకొక్కటీ లేదు. నాకు కడుపు మండేది. లోపల మాత్రం సంతోషంగానే ఉండేది. ఎందుకంటే మా రెండిళ్ల మధ్య అంతకుముందు మాటలు ఉండేవి కావు.

మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. నేను పుట్టింది పైవీధి, మెట్టింది కింది వీధి. రెండు వీధులూ రెండు పార్టీలు. పార్టీ అంటే జెండాల పార్టీ అని పట్నంవాళ్లు అనుకుంటారు. మాకు జెండాలు తర్వాత వచ్చాయి, పార్టీలు ముందునుంచీ ఉన్నాయి. నా చిన్నతనంలో బాంబులు పడి బడి మూసేసిన రోజులు గుర్తున్నాయి. మా నాయన గొర్రెల వెంట పోయి చేలల్లోనే పడుకునేవాడు, ఇంట్లో పడుకుంటే తెల్లారేసరికి ఉంటాడో లేడో అని. మా అత్త తమ్ముడు ఆ గొడవల్లోనే పోయాడు. చంపింది మా వీధివాళ్లు. కాలం గడిచి, రెండువైపులా ముసలివాళ్లకు విసుగు పుట్టి రాజీకి కూర్చున్నారు. ఆ రాజీలో భాగంగానే నన్ను కింది వీధికి ఇచ్చారు. “రాజీకి కట్టిన పిల్ల” అని నా వెనకాల అనుకునేవాళ్లు. అననీలే అనుకున్నాను, మొగుడు మంచివాడు దొరికాడు.

మా నాయన కోరిక ఒక్కటే. తన కొడుకు ఆ గొడవల్లోకి పోకూడదు. వాడికి మీసాలు రాకముందే పులివెందులకు పంపేశాడు. పండగలకు తప్ప ఊర్లోకి రానిచ్చేవాడు కాదు. “వానికి ఎవురు మనోళ్లో ఎవురు కాదో తెలియకుండానే పెరగనీ” అనేవాడు అమ్మతో. అమ్మ ఏడ్చేది. ఆయన వినలేదు.

అలాంటి మనిషి సర్పంచికి నిలబడ్డాడు. పైవీధి వాళ్లు నిలబెట్టారు. కింది వీధి వాళ్లు తమ మనిషిని నిలబెట్టారు. ఊరంతా మళ్లీ పాత వాసన కొట్టడం మొదలుపెట్టింది. రాత్రిళ్లు కుక్కలు మొరిగితే లేచి కూర్చునేవాళ్లం. నాకు భయం. ఏమన్నా జరిగితే ఒక వీధిలో నాయన, ఇంకో వీధిలో మొగుడు. నేను ఏ వీధిలో ఏడవాలి? మా నాయన అయితే తమ్ముడికి కబురు పెట్టాడు: “నువ్వు ఓటుకు రావద్దు. నీ ఒక్క ఓటుతో ఓడిపోతే ఓడిపోనీ. పులివెందుల దాటితే నా మీద ఒట్టు.”

మా మామగారు, అంటే మా ఆయన తండ్రి, కింది వీధి పార్టీలో ముఖ్యుడు. పోలింగు ముందురోజు ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి, “ఇంటి ఓట్లన్నీ మన మనిషికే పడాల” అన్నాడు. నావైపు చూడలేదు. చూడకపోవడమే ఎక్కువగా తగిలింది. నేను తలూపాను. మా ఆయన తలూపాడు. మా అత్త వక్క నములుతూ కూర్చుంది.

పొద్దున మేము ముగ్గురం కలిసి బడి దగ్గరికి బయలుదేరాం. మా మామగారు ముందే పోయి ఏసి వచ్చాడు. దారిలో మా అత్త నా మోచెయ్యి గిల్లి, గొంతు తగ్గించి అడిగింది.

“మ్మేయ్, మీ నాయన గుర్తేంది?”

నేను బిత్తరపోయాను. “ఉంగరం” అన్నాను.

“ఉంగరమా. సరే” అని కొంగు కప్పుకుని నడిచింది. మా ఆయన వెనక నవ్వును దగ్గుగా మార్చుకున్నాడు. ఆయన కూడా అదే మనసులో ఉన్నాడని నాకు అప్పుడే తెలిసింది. మొగుడూ పెళ్లాలం రాత్రంతా ఒకే మంచం మీద ఇటొకరూ అటొకరూ తిరిగి పడుకున్నాం గానీ ఈ మాట అనుకోలేదు. భయం అట్లాంటిది.

ఓట్లు వేసి బయటికి వచ్చాం. బడి గేటు దగ్గర పోలీసులు అందరి ఫోన్లూ లాక్కుంటున్నారు. మా నాయన అభ్యర్థి కాబట్టి లోపలే ఉన్నాడు, ఆయన ఫోను పోలీసుల బుట్టలో ఉంది. మా ఆయన ఫోను అత్త ఒడిలో కొంగు కింద దాగి ఉంది. ఆమెను తడిమే ధైర్యం ఏ పోలీసుకు ఉంటుంది? బడి గోడ పక్కకు వచ్చాక దాన్ని తీసుకుని టక్కున తెరిచాడు. ఎండ మండిపోతోంది. తెర మీద ఏమీ కనపడటం లేదు. అయినా ముందువారమే విప్పి, స్పిరిట్‌తో తుడిచి, ‘కె’ మీటను బాగుచేశాననే ధీమా. బొటనవేళ్లు టపటపలాడించి, “నీ తమ్మునికి చెప్పినా” అన్నాడు.

“ఏమని?”

“మామకు ఏసేసినాం, ఎవరికీ సెప్పకు అని.”

మామ అంటే ఆయనకు మామ, మా నాయన. నాకు గుండె నిండిపోయింది. పోలీసులు లేకపోతే అక్కడే ఆయన చెయ్యి పట్టుకునేదాన్ని. ఆ మెసేజి పోయిందో లేదో, ఫోను ఎర్ర గీత చూపించి చచ్చిపోయింది. ఇంటికి వచ్చి ఛార్జి పెడదామంటే కరెంటు లేదు.

ఒంటిగంటకు పోలింగు అయిపోయింది. రెండింటి నుంచి బళ్లోనే లెక్కింపు. మా ఆయన అన్నానికి కూర్చున్నాడు. మా మామగారు బయట అరుగు మీద చుట్ట కాలుస్తున్నాడు. అప్పుడు పెరటివైపు నుంచి అడుగులు వినిపించాయి. తలుపు తోసుకుని మా తమ్ముడు వచ్చాడు. వెనక వాడి స్నేహితులు నలుగురు. తొండూరు, ముద్దనూరు మీదుగా జీపులో వచ్చి, ఊరి బయట పోలీసులుంటారని జీపు వదిలేసి, చేలకడ్డంపడి పరుగెత్తుకొచ్చారు. వాడి కాళ్ల నిండా దుమ్ము, కళ్లు ఎర్రగా వాచి ఉన్నాయి. ఏడ్చి ఏడ్చి వచ్చాడని చూడగానే తెలుస్తోంది. వాడి చేతిలో ఏమీ లేదు. వెనక ఒకడు మాత్రం చెయ్యి లుంగీలో పెట్టుకుని నిలబడ్డాడు.

“నాయన యాడుండాడు?” అన్నాడు వాడు నాతో కాదు, మా ఆయనతో.

మా ఆయన నోట్లో ముద్ద అట్లే ఉంది. “బళ్లో ఉండాడు. ఏమైంది?”

“బళ్లోనా! శవాన్ని బళ్లో పెట్టినారా?”

నేను లేచి ఇద్దరి మధ్యకు పోయాను. “ఏరా, ఏం కూతలు కూస్తాండావు? పొద్దునే సూసినా నాయన్ని. బాగుండాడు. ఎవరు చెప్పినారురా నీకు?”

“ఈ నా బావే చెప్పినాడు! ఏసేసినాం అని సంబరంగా మెసేజి కొట్టినాడు!” అని జేబులోంచి తన చిన్న ఫోను తీసి నా ముఖం మీద పెట్టాడు.

చదివాను. “మామఉ ఏసేసినాం. ఎవరిఈ సెప్పఉ.”

‘కె’ మీట మూడుచోట్లా పడలేదు.

మా సీమలో ‘ఏసేయడం’ అనే మాటకు అంతుండదు. చొక్కా ఏసేస్తాం, తలుపు ఏసేస్తాం, సూదిమందు ఏసేస్తాం, ఓటు ఏసేస్తాం. మనిషికి ‘కు’ తగిలించి ఏసేసినాం అంటే ఓటు. అదే మనిషికి ‘ను’ తగిలించి ఏసేసినాం అంటే ఇంక ఆ మనిషి లేడని అర్థం. వాడు ఆ ఖాళీలో ‘ను’ పెట్టుకుని చదివాడు. బావకు ఫోను చేస్తే స్విచ్చాఫ్. నాయనకు చేస్తే ఎత్తడు. ఇంకెవరికీ చేయలేదు. “చేసింటే నిజమేనంటారేమోనని భయమేసింది అక్కా” అని తర్వాత చెప్పాడు.

భయం పోయి నాకు కోపం వచ్చింది. ఫోను వాడి ముక్కుకు ఆనించి అడిగాను. “సదువుకున్నోడివి గదరా! ‘ఎవరిఈ’ అంటే ఎవరికీ అని సదివితివి. ‘సెప్పఉ’ అంటే సెప్పకు అని సదివితివి. రెండుచోట్ల ‘క’ సరిగ్గా పెట్టుకున్నోడివి, నాయన కాడికొచ్చేసరికి ‘న’ యాడినుంచి వచ్చిందిరా?”

వాడు ఫోను వైపు చూశాడు. నావైపు చూశాడు.

అప్పుడే గుమ్మంలో చుట్ట వాసన తగిలింది. మా మామగారు వచ్చి నిలబడ్డాడు. ఎంతసేపటి నుంచి వింటున్నాడో తెలియదు. ఆయన వెనక కింది వీధి మనుషులు కొందరు. పైవీధి పిల్లోడు మనుషులతో పెరట్లోంచి దూరాడని వాళ్లకు అప్పుడే తెలిసిపోయింది.

“‘క’ అయితే ఏంది, ‘న’ అయితే ఏంది? ఏమని కొట్టినావురా నువ్వు?” అని మా ఆయనను అడిగాడు.

మామకు దండ ఏసేసినాం అని చెప్పమను దేవుడా అనుకున్నాను. సూదిమందు అన్నా సరే. నిజం చెప్తే ఈ ఇంట్లో ఈయన బతుకేమిటి? చెప్పకపోతే ఆ లుంగీలో చెయ్యి ఏం చేస్తుంది? మా ఆయన ఎంగిలి చెయ్యి కంచంలోనే కడుక్కున్నాడు. లేచి తండ్రికి ఎదురుగా నిలబడ్డాడు.

“మామకు ఓటు ఏసేసినాం అని కొట్టినా నాయనా. నేనూ, నా పెళ్లామూ.”

“నేను గూడా” అంది మా అత్త వంటింట్లోంచి.

మా మామగారు అటు తిరిగాడు. “నువ్వు గూడానా?”

ఆమె బయటికి వచ్చింది. “ఎవురు గెలిచినా నా తమ్ముడు తిరిగి రాడు. ఆయప్పయితే ఇంకొకరి తమ్ముని పోనీడు. అందుకే ఏసినా. ఏం జేస్తావో జెయ్యి.”

గుమ్మం బయట మనుషుల్లో ఒకడు, “ఏందన్నా లోపల? మేం రావల్నా?” అని కేకేశాడు. మా మామగారు చుట్ట ఆర్పి చెవిమీద పెట్టుకున్నాడు. బయటికి పోయి గట్టిగా అన్నాడు. “ఏం లేదప్పా. నా కోడలి తమ్ముడు అక్కను సూసిపోను వచ్చినాడు. మీరు పోయి కౌంటింగు కాడ కూర్చోండి.” వాళ్లు కదిలేదాకా అక్కడే నిలబడ్డాడు. నేను గోడకు ఆనుకుని జారి కూర్చున్నాను. ఎక్కిళ్లు వచ్చాయి. ఏడుపో నవ్వో నాకే తెలియలేదు.

పొద్దు వాలేసరికి లెక్కింపు అయిపోయింది. మా నాయన ఓడిపోయాడు. కొద్దిలోనే ఓడిపోయాడు. మా మామగారు మా తమ్ముణ్ణి ముందు నడిపించుకుని, మమ్మల్నందరినీ వెంటబెట్టుకుని పైవీధికి నడిచాడు. మా పెళ్లి తర్వాత ఆయన ఆ వీధిలో కాలుపెట్టడం అదే మొదలు. అరుగుల మీద మనుషులు లేచి నిలబడ్డారు. మా నాయన వాకిట్లో నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. కొడుకును చూసి గతుక్కుమన్నాడు. మా మామగారు జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాడు, తన ఇంటి ఓట్ల సంగతి కూడా దాచలేదు. చెప్పి మంచం చివర కూర్చుని,

“ఒక్క మాట నా చెవిన ఏసింటే నేను గూడా ఏసేవాణ్ణి గదా బావా. ఈ కుర్చీ కోసం మళ్లీ కొట్టుకునేది నాకు మాత్రం కావల్నా?” అన్నాడు.

మా నాయన నవ్వలేదు. ఓడిపోయినందుకు బాధపడుతున్నట్టు కూడా లేడు. ఆయన చూపు తమ్ముడి మీదే ఉంది. అంత దూరం పంపించి, అన్నేళ్లు అమ్మను ఏడిపించి పెంచిన కొడుకు. వాడి చిన్నతనంలో ఈ ఊరు వాడికి ఏం నేర్పిందో ఆ ఒక్క అక్షరంతో ఆయనకు తెలిసిపోయింది.

“ఇట్రా” అన్నాడు. వాడు పోయి ముందర నిలబడ్డాడు. మా నాయనకు ఇంగ్లీషు అక్షరాలు రావు. “ఆ ఫోన్లో మీ బావ ఏం రాసినాడో సదువు.”

వాడు ఫోను తీశాడు. “మామకు ఏసేసినాం” అన్నాడు.

“మళ్లా సదువు.”

“మామకు ఏసేసినాం.”

“గట్టిగా.”

వాడు గట్టిగా చదవబోయి సగంలోనే మా నాయన ఒళ్లో తలపెట్టి బావురుమన్నాడు. మా నాయన వాడి వీపు నిమురుతూ కూర్చున్నాడు. “కు,” అంటున్నాడు మెల్లగా, బడిలో వేసిన మొదటిరోజు పిల్లవాడికి చెప్పినట్టు. “కు, నాయనా. ‘ను’ కాదు. కు.”